పొగ పట్టిన గది, తాబేళ్ళు
(మన సంఘపు వారాంతపు సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన సభలలో సాధారణముగా తెలుగు బడుల స్థితిని గూర్చియు, కావ్యములను గూర్చియు ప్రసంగములు జరుగుచుండును. నేటి మా విషయము తాబేళ్ళ గదికి పట్టిన మసిని, పొగవాసనను పోగొట్టు విధము. ఈ మాట వినగానే కొందరు చిరునవ్వు నవ్వుట మేము గమనింపకపోలేదు. అయినను మా యింట జరిగిన నష్టము మరియొక యింట జరుగరాదను తలంపుతో కార్యదర్శిగారు కోరగా మేము అంగీకరించితిమి.

మన హెబ్బగోడి సంగతి మీకు తెలియనిది కాదు. ఒకవైపు బొమ్మసంద్ర పారిశ్రామికవాడ, మరియొకవైపు ఎలక్ట్రానిక్ సిటీ, వానిని కలుపుచు హోసూరు రహదారి. 2025 ఆగస్టు 10న మెట్రో పసుపు మార్గము ప్రారంభమైన పిదప నగరమునకు రాకపోకలు మరింత సులభమైనవి. అనంతపురము, చిత్తూరు, కర్నూలు ప్రాంతముల నుండి వచ్చి రెండు గదుల అద్దె యిండ్లలో కాపురముండు కుటుంబములు మనలో ఎన్నియో కలవు. కుక్కను పెంచుటకు ఇంటి యజమానులు ఒప్పుకొనరు. పిల్లిని పెంచుటకు ఇంటిలోని పెద్దలు ఒప్పుకొనరు. అందుచేత పిల్లలు మారాము చేసినప్పుడు గాజుతొట్టిలో తాబేలుపిల్లలు ఇంటికి వచ్చును. తాబేలు ఇంటనున్న కలిసివచ్చునను నమ్మకము దానికి తోడు. శ్రీకాకుళము జిల్లా శ్రీకూర్మములో కూర్మనాథస్వామి ఆలయ ప్రాంగణమున నక్షత్ర తాబేళ్ళను చూచి వచ్చిన మనవారికి ఆ ప్రాణిపై భక్తి కలుగుట సహజమే.

ఇచ్చట ఒకమాట ముందుగా చెప్పవలసియున్నది. ఆ నక్షత్ర తాబేలు మన దేశపు వన్యప్రాణి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి దానిని పట్టి ఇంట నుంచుకొనుట నేరము. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారమును నియంత్రించు సైటిస్ ఒడంబడికలో 2019లో దానిని మొదటి పట్టికకు చేర్చిరి. అంగళ్ళలో సాధారణముగా అమ్మునది చెవుల కడ ఎర్రచార గల అమెరికా దేశపు తాబేలు. ఇగువానా, బాల్ పైథాన్ మొదలైన, సైటిస్ పట్టికలలోని విదేశీ ప్రాణులను ఉంచుకొనువారు 2022 నాటి చట్టసవరణ ప్రకారము ప్రభుత్వము కడ నమోదు చేయించుకొనవలెను. అందుకు నియమములు 2024 ఫిబ్రవరి 28న వెలువడినవి. ఇక పెంచలేక ఎర్రచార తాబేలును చెరువులో విడుచుట పుణ్యకార్యము కాదు. ప్రపంచమున మిక్కిలి హానికరములైన నూరు ఆక్రమణ జాతుల పట్టికలో అదియు ఒకటి. మన చెరువులలోని తాబేళ్ళ తిండిని, చోటును అది కాజేయును.

ఇక మా కథ. మా యింటి వెనుకగదిలో రెండు ఎర్రచార తాబేళ్ళుండెను. పుష్యమాసపు చలికి వానికి వెచ్చదనము చాలదని దీపమొకటి, నీటిని వేడిచేయు కడ్డీ యొకటి, నీటిని వడకట్టు యంత్రమొకటి, అన్నిటిని ఒకే ప్లగ్గు పలకకు తగిలించితిమి. ఒకనాటి రాత్రి ఆ పలక వేడెక్కి కరగి మండినది. మంట జానెడు మాత్రమే. మెయిను స్విచ్చి ఆపి, గోనెసంచి కప్పి ఆర్పివేసితిమి. తాబేళ్ళు తొట్టిలో నిశ్చలముగా నుండెను. గోడలు మాత్రము నల్లబడినవి. కాలిన ప్లాస్టిక్కు కంపు ఇల్లంతయు నిండినది. ప్రాణులకేమియు కాలేదు గదాయని మేము దేవునికి దండము పెట్టుకొంటిమి.

మరునాడు మేము చేసిన పనులు వరుసగా చెప్పెదము. మొదట సీలింగు ఫ్యాను జోరుగా తిప్పితిమి. తరువాత తడిగుడ్డతో గోడ తుడిచితిమి. నేలమీద ఫినాయిలు ధారాళముగా పోసి కడిగితిమి. అప్పటికిని కంపు వదలనందున సాంబ్రాణి ధూపము వేసితిమి. సాయంకాలము పరిమళద్రవ్యము చల్లితిమి. ఇంటి యజమానురాలగు కన్నడ సోదరి వచ్చి చూచి, "వాసన పోయినదన్నా, ఇక భయము లేదు" అని సంతోషించెను. మేమును సంతోషించితిమి. ఈ అయిదు పనులును తప్పులే. తాబేళ్ళను ఆ గదిలోనే ఉంచుట ఆరవ తప్పు, అన్నింటిని మించిన తప్పు.

మూడవనాడు చిన్న తాబేలు తిండి మానినది. అయిదవనాడు నీటిలో ఒకప్రక్కకు ఒరిగి ఈదసాగినది. ముక్కు కడ నీటిబుడగలు కనబడినవి. పశువైద్యుని కడకు కొనిపోతిమి. ఆయన మమ్ము మొదట అడిగిన ప్రశ్న, "పొగ ఎంతసేపు నిలిచినది?" అని. రెండవ ప్రశ్న, "గదిని దేనితో కడిగితిరి?" అని. మేము చెప్పిన సమాధానము విని ఆయన చాలసేపు మాటలాడలేదు. మందు వాడినను పదకొండవనాడు అది చనిపోయినది. అప్పుడు మా చిన్నమ్మాయి అడిగిన ప్రశ్న యిది: "నాన్నా, దానికి అంత బాధగా ఉంటే ఒక్కసారైనా ఎందుకు దగ్గలేదు?"

ఆ ప్రశ్నకు సమాధానమే నేటి ప్రసంగమునకు మూలము. తాబేలు దగ్గజాలదు. మనకు రొమ్మునకును కడుపునకును నడుమ నుండు విభాజకపటలము సరీసృపములలో మనకు వలె లేదు. తాబేలు ప్రక్కటెముకలు డిప్పతో కలిసిపోయియుండుటచే రొమ్ము విప్పారదు. కాళ్ళ మూలములందలి కండరములను కదలించియే అది ఊపిరి పీల్చవలెను. కావున ఊపిరితిత్తులలో చేరిన మసిని, చీమిడిని బయటికి త్రోయు శక్తి దానికి మిక్కిలి తక్కువ. పాములలో పెక్కింటికి కుడి ఊపిరితిత్తి యొక్కటే చక్కగా పనిచేయును. పైగా ఈ ప్రాణుల జీవక్రియ మందమైనది. మనకు గంటలలో బయటపడు జబ్బు వానికి రోజులకు, ఒక్కొక్కప్పుడు వారములకు బయటపడును. పొగ నాటి రాత్రి అవి నిశ్చలముగా నుండుట ఆరోగ్యలక్షణమని మేము తలచితిమి. అది మా అజ్ఞానము.

ఫినాయిలు సంగతియు వినుడు. నల్ల ఫినాయిలులో బొగ్గుతారు నుండి తీసిన ఫినాలు జాతి పదార్థములుండును. తెల్ల ఫినాయిలులో దేవదారుజాతి చెట్ల నూనె వాడుదురు. ఇవి సరీసృపములకు విషప్రాయములు. సాంబ్రాణి మన పూజకు పవిత్రమే, కాని ఊపిరితిత్తులకు అదియు పొగయే. పాములు, బల్లిజాతులు నాలుక చాచి గాలిలోని కణములను అందుకొని అంగుటిలోని అవయవముతో వాసన గ్రహించును. మన ముక్కునకు ఇంపైన పరిమళము వానికి కారము చల్లినట్లే. మేము చేసినది వాసనను పోగొట్టుట కాదు, దానిపై మరి నాలుగు వాసనలు కప్పుట.

ఇక చేయవలసిన విధము. పశువైద్యుడును, ఇండ్లకు రంగులు వేయు మన మిత్రుడొకడును చెప్పినదానిని, మేము చేసి చూచినదానిని కలిపి చెప్పుచున్నాము.

మొదట ప్రాణులను వేరు గదికి, వీలైన వేరు ఇంటికి మార్చవలెను. గాలియాడు పెట్టెలో, వెచ్చదనము తగ్గకుండ ఉంచవలెను. బాగుగానే ఉన్నట్లు కనబడినను పశువైద్యునికి చూపవలెను. నోరు తెరచి ఊపిరి పీల్చుట, ముక్కు కడ బుడగలు, ఊపిరిలో చప్పుడు, తిండి మానుట, ఒరిగి ఈదుట, ఇవి ప్రమాదసూచనలు. పరీక్షింపక ఆ గదిలో ఏ విద్యుత్పరికరమును మరల వాడరాదు.

రెండవది, కిటికీలు తెరచి గాలిని పోనీయవలెను. ఫ్యాను తిప్పరాదు, తిప్పిన మసి ఇల్లంతయు పరచుకొనును. ఫ్యాను రెక్కలపై చేరిన మసిని ముందుగా తీయవలెను. ముక్కునకు ఎన్ 95 మాస్కు, చేతులకు రబ్బరు తొడుగులు ధరింపవలెను.

మూడవది, పొడిపని ముందు, తడిపని వెనుక. ప్లాస్టిక్కు కాలిన మసి జిడ్డుగానుండును. తడిగుడ్డ పెట్టిన అది గోడ రంధ్రములలోనికి ఎక్కి కూర్చుండును. మా గోడపై నేటికిని ఆ మరక కలదు. సన్నని దుమ్మును పట్టు హెపా వడపోత గల వాక్యూము యంత్రముతో, బ్రష్షు ఆనించక, పైనుండి క్రిందికి మసిని లాగవలెను. తరువాత మసి తుడుచుటకే చేసిన పొడి రబ్బరు స్పాంజితో ఒకేదిశగా తుడువవలెను. స్పాంజి ముఖము నల్లబడినపుడెల్ల ఆ పొరను కోసివేసి క్రొత్త ముఖము వాడవలెను.

నాలుగవది, గోరువెచ్చని నీటిలో పాత్రలు తోము ద్రవసబ్బు కొంచెము కలిపి కడుగుట. గోడను క్రిందినుండి పైకి కడుగవలెను. పైనుండి కడిగిన మురికినీటి చారలు పడును. పిదప మంచినీటితో రెండుసార్లు తుడిచి ఆరనీయవలెను. సున్నపు గోడ కడుగుటకు నిలువదు. గీకి మరల సున్నము వేయుటయే మేలు. కడుగని గోడకు రంగు వేసిన కొన్నాళ్ళకు పసుపు మరకయు, కంపును మరల పైకి వచ్చును. రంగు వాసన పూర్తిగా పోవు వరకు ప్రాణులను తేరాదు.

ఐదవది, పీల్చుకొను వస్తువులను పారవేయుట. కొబ్బరిపీచు, చెట్టుబెరడు, కాగితము, గుడ్డ పరుపులు, పచ్చి కొయ్యముక్కలు, వీనిని కడిగి దాచుకొను లోభము పనికిరాదు. గాజుతొట్టి, రాళ్ళు, పింగాణి గిన్నెలు కడిగి వాడవచ్చును. నీరంతయు మార్చవలెను, ఏలయనగా గాలి ఊదు పంపు గదిలోని పొగను నీటిలోనికే ఊదియుండును. దీపములను ఆర్పి, చల్లారిన పిమ్మట తుడువవలెను. మసి పట్టిన అతినీలలోహిత దీపము వెలుగునిచ్చినను ప్రాణికి కావలసిన కిరణములను తగినంత ఇయ్యజాలదు. ఈ వస్తువులను వంటింటి తొట్టిలో కడుగరాదు. సరీసృపములు సాల్మొనెల్లా అను సూక్ష్మజీవిని మోయును. ఆ కారణముననే అమెరికాలో 1975 నుండి నాలుగంగుళములకు తక్కువ డిప్ప గల తాబేళ్ళ అమ్మకము నిషేధింపబడినది. పని ముగియగానే సబ్బుతో చేతులు కడుగుకొనుట మరువరాదు.

తీగలపై నుండు పీవీసీ కాలినపుడు ఉప్పుద్రావక వాయువు వెలువడి తేమతో కలిసి ఆమ్లమగును. కావున తాళములు, కీలులు, బల్బు పట్టుకలు మొదలగు లోహపు వస్తువులను త్వరగా తుడువకున్న తుప్పుపట్టును. మరియొక హెచ్చరిక. బ్లీచింగు ద్రవమును వినెగరుతో గాని, మరుగుదొడ్డి ఆమ్లముతో గాని ఎన్నడును కలుపరాదు. అందుండి పుట్టునది క్లోరిను. 1915 ఏప్రిలు 22న ఈప్రె యుద్ధభూమిలో సైనికులపై విడిచిన విషవాయువే అది.

ఇంతయు చేసిన పిదప మిగిలిన వాసనకు వంటసోడాను నేలపై చల్లి మరునాడు తీసివేయవచ్చును. ఉత్తేజిత బొగ్గును గిన్నెలలో ఉంచవచ్చును. ఓజోను యంత్రములను అద్దెకిచ్చువారు కలరు. అది ఊపిరితిత్తులకు హానికరము. ప్రాణి యేదియు ఉండగా దానిని నడుపరాదు.

శుభ్రమైనదా లేదా యని తెలియుటకు రెండు పరీక్షలు. తెల్లగుడ్డతో గోడను, తొట్టి అంచును తుడిచి చూడవలెను. గుడ్డ బూడిదరంగు తిరిగిన పని మిగిలియున్నట్లే. గదిని రాత్రియంతయు మూసియుంచి, ప్రొద్దున పొరుగువారిని పిలిచి వాసన చూడుమనవలెను. ఇంటివారి ముక్కు ఆ వాసనకు అలవాటుపడియుండును గనుక దానిని నమ్మరాదు.

పశువైద్యుడు కన్నడమున "హొగె" అని పదేపదే అనుచుండగా మా అమ్మాయి, "మన పొగయే గదా నాన్నా" అనినది. నిజమే. మన పాలు వారికి హాలు, మన పాము వారికి హావు, మన పొగ వారికి హొగె. మాటలో మొదటి అక్షరము మారినది. ఆపద వచ్చినపుడు ఇరుగుపొరుగును అడుగుటకు భాష అడ్డుకాదని నాడు మాకు తెలిసినది. తొట్టిని తమ గదిలో నెలరోజులు ఉంచుకొన్నది ఆ యింటి యజమానురాలే.

పెద్ద తాబేలు బ్రతికినది. ఇప్పుడు దాని దీపమునకు వేరు ప్లగ్గు, వేరు స్విచ్చి, ఇనుపవల కట్టించితిమి. పైకప్పునకు పొగను పసికట్టు గంట తగిలించితిమి. ప్రతి ఆదివారము మా అమ్మాయి తెల్లగుడ్డతో తొట్టి అంచు తుడిచి మాకు చూపును. గుడ్డ తెల్లగానే యుండును. అయినను చూపుట మానలేదు. మానుమని మేమును చెప్పలేదు.

 ఇంటికి పోయిన పిమ్మట మీ ప్లగ్గు పలకలను ఒకసారి తాకి చూడుడు. వేడిగానున్న, ఈ రాత్రియే మార్పించుడు. సెలవు.