ఆ పని ఎలా ఉంటుందో చూశారా?

 ఈ తెలుగు బడిలో పట్టాలు అందుకుంటున్న పిల్లలందరికీ నా అభినందనలు. మీలో చాలామంది ఈ ఏడో పై ఏడో కాలేజీలో అడుగుపెడుతున్నారు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

ఇందాక భోజనాల దగ్గర ఒక అమ్మాయిని "ఏం చదువుదామనుకుంటున్నావమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల నోరు తెరిచేలోపే వాళ్ల నాన్నగారు "కంప్యూటర్ సైన్సండీ, ప్యాకేజీ దానికే బాగుంది" అన్నారు. అమ్మాయి ఇక మాట్లాడలేదు. అప్పటినుంచీ నాకు మనసు మనసులో లేదు.

జీతం చూడొద్దని నేను అనను. అప్పు చేసి చదివేవాళ్లు అది తీర్చే దారి చూసుకోవాల్సిందే. నేనూ అమెరికాకు అప్పుతోనే వచ్చాను. మరి నా బెంగ దేని గురించంటే, ఆ జీతం ఏం పని చేస్తే వస్తుందో, ఆ పని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎలా ఉంటుందో ఒక్కసారైనా చూడకుండానే మన పిల్లలు మేజర్, అంటే కాలేజీలో చదివే ముఖ్య సబ్జెక్టు, ఎంచుకుంటున్నారు. పెళ్లిచూపుల్లో కట్నం మాట్లాడేసుకుని, పిల్లా పిల్లాడూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా లేచొచ్చినట్టుంది.

నాకు పని చూపించినవాడు మా ఊరి రైసు మిల్లులో ఇంజన్ డ్రైవరు. ఇనుప చువ్వ ఒక కొస బేరింగు మీద ఆనించి, రెండో కొస చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. "ఇది వారం కంటే ఆగదు" అనేవాడు. ఆగేది కాదు. ఆ చువ్వ నా చెవికీ పెట్టాడు. మంచి బేరింగుకూ అరిగిన బేరింగుకూ తేడా వినిపించేదాకా వదల్లేదు. కాకినాడలో మెకానికల్ ఇంజనీరింగ్ చేరింది ఆ శబ్దం కోసమే.

మా చదువు పూర్తయ్యేసరికి, పాత కంప్యూటర్ ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేసే వైటూకే కాలం. మా క్లాసులో సగంమంది అమీర్‌పేట కోచింగులకు వెళ్లారు. కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకుంటే చాలు, విమానం ఎక్కడమే అనేవాళ్లు. వాళ్లలో చాలామంది బాగా స్థిరపడ్డారు, వాళ్ల కష్టాన్ని తక్కువ చేసి మాట్లాడను. నాకు మాత్రం మనసు కంపనాల మీదే ఉంది. ఇక్కడ డెట్రాయిట్‌లో వేన్ స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేసి, కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో చేరాను. స్టీరింగు ఎందుకు వణుకుతోంది, డోరు ఎందుకు గీపెడుతోంది, ఇదీ నా పని.

తర్వాత 2009 వచ్చింది. ఏప్రిల్ 30న క్రైస్లర్, జూన్ 1న జనరల్ మోటార్స్ దివాలా పిటిషను వేశాయి. నా ఉద్యోగమూ పోయింది. ట్రాయ్‌లో, పక్క ఊళ్లలో ఇళ్లు అమ్ముకుని వెళ్లిపోయిన మనవాళ్లు ఈ హాల్లో పెద్దవాళ్లకు గుర్తుంటారు. కార్ల పని అంటే జాలిగా చూసేవాళ్లు. ఇంట్లో ఖాళీగా ఉన్న ఆ నెలల్లో కూడా కంపనాల పుస్తకం తెరవబుద్ధి అయ్యేది, అదే నన్ను నిలబెట్టింది. ఇప్పుడు ఎలక్ట్రిక్ కార్లొచ్చాయి. ఇంజన్ మోత పోయేసరికి, దాని చాటున దాక్కున్న గేర్ల కీచుమోత, టైర్ల హోరు, గాలి ఈల అన్నీ బయటపడ్డాయి. మా పని మళ్లీ పెరిగింది. 2009లో ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు.

భరోసా అనుకున్నది కూలడం కార్ల కంపెనీలకే కాదు. ఇక్కడ ట్రాయ్‌లో బిగ్ బీవర్ రోడ్డు మీద కేమార్ట్ దుకాణాల కంపెనీ ప్రధాన కార్యాలయం ఉండేది. 1972లో డెట్రాయిట్ నుంచి ఇక్కడికి వచ్చింది. అందులో ఉద్యోగమంటే జీవితాంతం దిగుల్లేదనుకున్న రోజులున్నాయి. 2002లో కంపెనీ దివాలా తీసింది. 2005లో సియర్స్‌తో కలిశాక కార్యాలయం ఇల్లినాయికి తరలిపోయింది. ఆ భవనం ఏళ్లకు ఏళ్లు ఖాళీగా పడి ఉంది. 2023 చివర్లో కూల్చడం మొదలుపెట్టారు. మీలో కారు నడిపేవాళ్లు ఆ రోడ్డునే వెళ్తుంటారు.

ఇక మీరు ఫోన్లలో తిప్పి తిప్పి చూసే జీతాల పట్టికల సంగతి. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఏ మేజర్ చదివినవాళ్ల పరిస్థితి ఎలా ఉందో లెక్కలు ఇస్తుంది. 2025లో వచ్చిన లెక్క ప్రకారం, కొత్తగా పట్టా పుచ్చుకున్న కంప్యూటర్ సైన్స్ వాళ్లలో నిరుద్యోగం 6.1 శాతం, కంప్యూటర్ ఇంజనీరింగ్ వాళ్లలో 7.5 శాతం. ఫిలాసఫీ చదివినవాళ్లలో 3.2 శాతమే. అలాగని అందరూ ఫిలాసఫీకి పరుగెత్తనక్కర్లేదు. ఉద్యోగం దొరికిన కంప్యూటర్ వాళ్లకు మొదట్లోనే ఏడాదికి 80 వేల డాలర్ల దాకా వస్తోందని కూడా ఆ పట్టికే చెబుతోంది. అసలు సంగతేమిటంటే, 2025లో అచ్చయిన ఆ అంకెలు 2023 నాటివి. వాటిని చూసి ఈ ఏడాది చేరేవాళ్లు చదువు ముగించుకుని బయటికొచ్చేది దశాబ్దం చివర్లో. అన్నేళ్లు పాతబడిన అంకె చూసి నలుగురితో నారాయణా అంటే ఎలా?

పట్టిక చూడకుండా పని చూసి దారి ఎంచుకున్న మన సంఖ్యాశాస్త్రవేత్త సి.ఆర్.రావుగారి సంగతి వినండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసి, యుద్ధకాలంలో ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. బస చేసిన చోట పరిచయమైన ఒకాయన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్నానంటే, అదేమిటో చూద్దామని వెళ్లారు. చూశారు, చేరారు. సంఖ్యాశాస్త్రంలో ఎం.ఏ. అనేదే అప్పుడు కలకత్తాలో కొత్త. అది చదివితే ఎంతొస్తుందో చెప్పే పట్టిక ఎక్కడుంది? పాతికేళ్లకే 1945లో ఆయన రాసిన వ్యాసం ఇవాళ్టికీ ఆ శాస్త్రానికి పునాదుల్లో ఒకటి. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఆ రంగంలో అత్యున్నతమైన అంతర్జాతీయ బహుమతి అందుకున్నారు. మీరంతా డేటా సైన్స్ అని కలవరిస్తున్నారే, దాని వేళ్లు అక్కడున్నాయి. ఆయన మేధస్సు అందరికీ రాదు, ఒప్పుకుంటాను. వెళ్లి చూడటం మాత్రం ఎవరైనా చేయగలిగిన పనే కదా!

ఒరేయ్, మీకు వేసవి సెలవులు బోలెడున్నాయి. ఈ హాల్లోనే నర్సులున్నారు, ఫార్మసిస్టులున్నారు, వంతెనలు డిజైన్ చేసేవాళ్లున్నారు, పన్నుల లెక్కలు చూసేవాళ్లున్నారు, రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే లేచి కూర్చునేవాళ్లున్నారు. మీ జీతమెంతండీ అని అడక్కండి. నిన్న పొద్దున్నుంచి ఏం చేశారు, అందులో విసుగు పుట్టించింది ఏది, తిండి మర్చిపోయేలా చేసింది ఏది, అని అడగండి. కుదిరితే ఒక పూట వాళ్ల పక్కన కూర్చోండి. కంప్యూటర్ సైన్సే కావాలనుకునేవాళ్లు సరిగ్గా ఇదే చేయండి. రోజంతా ఇంకొకరు రాసిన కోడ్‌లో తప్పు వెతికి, సాయంత్రం అది దొరికితే సంతోషంగా ఇంటికెళ్లగలరనిపిస్తే నిక్షేపంగా చేరండి, నా ఆశీస్సులు.

అమ్మానాన్నలకు ఒక్క విన్నపం. పిల్లల్ని ఎవరైనా ఏం చదువుతావని అడిగితే, దయచేసి వాళ్లనే చెప్పనివ్వండి. సమాధానం మీకు నచ్చకపోతే ఇంటికెళ్లాక మాట్లాడుకోండి.

జూలైలో మా టెస్ట్ ల్యాబ్ చూపించడానికి అనుమతి తీసుకున్నాను. రావాలనుకునేవాళ్లు మీ తెలుగు గురువుగారి దగ్గర పేరు రాయించండి. చెప్పులేసుకొస్తే లోపలికి రానివ్వరు, బూట్లు వేసుకురండి.