అనూరుని కాళ్ళు
(అంగలకుదురులో చేసిన ప్రసంగ పాఠం)



సూర్యుని సారథి అరుణుని కథ మీరెరిగినదే. కద్రువ బిడ్డలు ముందుగా పుట్టగా ఓర్వలేక, వినత తన అండాన్ని గడువుకు ముందే చిదిపింది. తొడలు ఏర్పడని బాలుడు వెలువడ్డాడు. అందుకే అతడు అనూరుడు. ఆదిపర్వంలోని ఈ ఘట్టాన్ని నేను ఎన్నేళ్ళో పాఠం చెప్పాను. చెప్పి కూడా ఒక తల్లి విషయంలో తప్పు చేశాను.

ఈ ఊరి ఇల్లాలే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను చంకనెత్తుకొని వచ్చింది. వాని కాళ్ళు కత్తెరవలె ఒకదానిపై ఒకటి బిగిసి ఉన్నాయి. "నేనేం పాపం చేశానండీ, శాస్త్రిగారూ?" అని అడిగింది. పూర్వకర్మ అన్నాను, ఒక శాంతి చెప్పి పంపాను. ఆమె వైద్యం మాని రెండేళ్ళు క్షేత్రాలు తిరిగిందని తరువాత తెలిసింది.

ఆ అవస్థను మస్తిష్క పక్షవాతం, సెరిబ్రల్ పాల్సీ, అంటారు. పుట్టుకకు ముందో, ప్రసవవేళనో, పసితనంలోనో మెదడుకు తగిలిన దెబ్బ వలన కండరాలు బిగుసుకొంటాయి. నెలలు నిండని ప్రసవానికీ దీనికీ గల సంబంధాన్ని 1861లోనే లండనులో విలియం జాన్ లిటిల్ అనే వైద్యుడు వివరించాడు. ఆయనకూ ఒక పాదం వంకరే.

గత సంవత్సరం ఆ పిల్లవాని వెంట ఒక నగరపు ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడ నడక నేర్పే యంత్రాన్ని చూశాను. బిడ్డను పట్టీలతో పైనుండి వ్రేలాడదీసి బరువు తగ్గిస్తారు. క్రింద ట్రెడ్‌మిల్ కదులుతుంది. కాళ్ళకు తొడిగిన చట్రంలో తుంటివద్ద, మోకాలివద్ద మోటార్లున్నాయి. అవి సరియైన అడుగును మరల మరల వేయిస్తాయి. బిడ్డ తాను ప్రయత్నించినకొద్దీ యంత్రపు సాయాన్ని తగ్గిస్తారు. నాకు వేదపాఠశాల జ్ఞప్తికి వచ్చింది. గురువు సంత చెప్పినట్లు అది కాళ్ళకు సంత చెబుతోంది! స్విట్జర్లాండులో పుట్టిన లోకోమాట్ ఇటువంటిదే. మ్యాన్‌హోళ్ళు శుభ్రపరచే బ్యాండికూట్ యంత్రాన్ని చేసిన కేరళ యువకులు జీ-గైటర్ అనే నడక యంత్రాన్నీ తయారుచేశారు.

అయితే ఇది మెదడులోని గాయాన్ని మాన్పదు. అంతే సమయం మంచి ఫిజియోథెరపిస్టు చేయించే సాధన కంటె ఇది మిన్న అని పరిశోధనలు గట్టిగా తేల్చనూలేదు. ఏ బిడ్డకు తగునో వైద్యుడే చెప్పాలి. కాబట్టి యంత్రం అందలేదని దిగులుపడి ఇంట కూర్చోవద్దు. భవిత కేంద్రాలలో ఫిజియోథెరపీ చేయిస్తారు. నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా ఈ పిల్లలకు లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. థెరపీ ఖర్చు కూడ అందులో చేరుతుంది. ఈ మాటలు నేను ఆనాడు చెప్పవలసినవి.

మొన్న ఆమె ఇంటికి వెళ్ళి క్షమించమన్నాను. ఏమీ అనలేదు, మంచినీళ్ళిచ్చింది. అరుణుడు తల్లిని శపించాడు గాని, ఈ పిల్లవాడు తల్లి కొంగు వదలడు.

ఇప్పుడు వాడు వాకరు పట్టుకొని ధ్వజస్తంభం దాకా వస్తున్నాడు. అక్కడినుండి మండపానికి ఐదు మెట్లు. ప్రక్కన వాలుబాట లేదు. ధర్మకర్తలకు మనవి చేశాను. నేటి సంభావన దానికే ఇచ్చాను. పని మొదలైననాడు ఆ కబురు నేనే వెళ్ళి ఆమెకు చెబుతాను.