ఒకచోట పుట్టి వేరొకచోట బయటపడు వ్యాధి

(హైదరాబాదు చిక్కడపల్లిలో గ్రామపంచాయతీ సభ్యుల యెదుట గావించిన ప్రసంగ పాఠము)



మంచినీరు, బాటలు, వీథి దీపములను గూర్చి మీరు తరచుగా సమావేశములు జరుపుచుందురు. గ్రామములోని వృద్ధుల ఆరోగ్యము కూడ మీరు కనిపెట్టియుండవలసిన విషయమే. నేడు పురుషులకు మాత్రమే కలుగు ఒక వ్యాధిని గూర్చి మీతో ముచ్చటింపదలచితిని. సిగ్గుచేత మన పెద్దలు దీనిని ఎవరితోను చెప్పుకొనరు. ఆ మౌనము వలన కొందరు కాళ్లు చచ్చుపడిన పిదప గాని ఆసుపత్రికి చేరుట లేదు.

మూత్రాశయమునకు దిగువను, మూత్రనాళము చుట్టును, పెద్ద ఉసిరికాయంత గ్రంథి యొకటి పురుషులకు గలదు. దీనిని పౌరుషగ్రంథి యందురు. వైద్యులు ప్రోస్టేటు అని వ్యవహరింతురు. వయస్సు మీరినకొలది ఇది పెరుగుట సామాన్యము. ఆ పెరుగుదల యంతయు కాన్సరు కాదు. కాని కొందరిలో ఈ గ్రంథియందు కాన్సరు, అనగా మన పెద్దలు రాచపుండు అని చెప్పుకొను వ్యాధి, పుట్టును. ఆరంభమున నొప్పి యుండకపోవచ్చును. ఏండ్ల తరబడి జాడయే తెలియకపోవచ్చును.

వ్యాధి ప్రాకు మార్గములు

ఈ కాన్సరు గ్రంథిని దాటినపుడు సాధారణముగా చేరునది ఎముకలకు, అందును వెన్నెముకకు, తుంటి ఎముకలకు. ఇందుకొక కారణమును 1940లో బాట్సన్ అను శరీరశాస్త్రవేత్త చూపెను. కటిభాగములోని సిరలు వెన్నెముక చుట్టునున్న సిరలతో కలిసియున్నవి. ఆ సిరలలో కవాటములు లేవు. తూములకు తలుపులు లేని కాలువలో నీరు ఎటు వంపుగానున్న అటు పారునట్లు, ఈ సిరలలో రక్తము ఇరువైపులను పోగలదు. దానితోపాటు వ్యాధి కణములును వెన్నెముకను చేరగలవు.

1,589 మంది రోగుల శవపరీక్షలను పరిశీలించిన ఒక పరిశోధన 2000లో ప్రచురితమైనది. రక్తము ద్వారా వ్యాధి వ్యాపించినవారిలో నూటికి 90 మందికి ఎముకలలోను, 46 మందికి ఊపిరితిత్తులలోను, 25 మందికి కాలేయములోను అది కనిపించినది. ఒకే రోగికి రెండు మూడు చోట్ల ఉండుటయు కలదు.

ఇక అరుదైన చోట్ల సంగతి. కొందరికి మొదట ఎడమవైపు మెడ మొదట గడ్డ పొడచూపును. మరికొందరికి చర్మముపై గట్టి బొడిపెలు లేచును. కనుగూటిలో చేరినచో కన్ను ముందుకు పొడుచుకొనివచ్చును, లేదా ఒక వస్తువు రెండుగా కనిపించును. మెదడు పొరలకు ప్రాకినచో విడువని తలనొప్పి కలుగును. వృషణములకు ప్రాకుటయు అరుదుగా కలదు. ఇట్టి రోగికి మూత్ర బాధ యేమియు లేకపోయినను ఆశ్చర్యము లేదు. గడ్డ మెడలో నున్నది. మూలము పొత్తికడుపు అడుగున నున్నది!

మూలము తెలిసిన కలుగు మేలు

మన దేశమున మెడలో గడ్డ కనిపించగనే క్షయ యని తలచుట పరిపాటి. అది క్షయ కావచ్చును గూడ. కాని పరీక్ష లేకుండ నిర్ణయించుట ప్రమాదకరము. గడ్డనుండి చిన్న ముక్కను తీసి పరీక్షించినచో అది క్షయయో కాన్సరో తెలియును. కాన్సరైనచో, ప్రత్యేకమైన రంజక పరీక్షలవలన అది ప్రోస్టేటులో పుట్టినదా యనునదియు పెక్కుమారులు తేలును. పి.ఎస్.ఏ. అను రక్తపరీక్షయు తోడ్పడును. అయితే గ్రంథి వాచినను, చీము పట్టినను ఆ అంకె హెచ్చును. కొన్ని తీవ్రమైన కాన్సరులలో అది తక్కువగనే యుండును. కావున ఒక్క అంకెను చూచి భయపడరాదు, నిశ్చింతగను ఉండరాదు.

మూలము తెలిసినచో చికిత్సయే మారిపోవును. ఈ కాన్సరు పురుష హార్మోనుపై ఆధారపడి పెరుగునని 1941లో చార్లెస్ హగ్గిన్స్ నిరూపించెను; ఆయనకు 1966లో నోబెల్ బహుమతి లభించినది. వృషణములను తొలగించు శస్త్రచికిత్స చేతగాని, ఇంజెక్షన్ల చేతగాని ఆ హార్మోనును తగ్గించినచో, దూరప్రదేశములకు ప్రాకిన గడ్డలు సైతము పెక్కుమందిలో కుదించుకొనిపోవును. వ్యాపించిన వ్యాధి పూర్తిగా నయమగుట అరుదు. అయినను ఏండ్ల తరబడి అదుపులోనుంచి, రోగిని నడిపించుట సాధ్యము.

ఆలస్యము తగని వేళ

60 ఏండ్లు దాటిన పురుషునికి రాత్రివేళను తగ్గని నడుము నొప్పి, కాళ్లలో బలహీనత, తిమ్మిరి, మలమూత్రముల పట్టు తప్పుట కనిపించినచో, వెన్నుపాము నొక్కుకొనిపోవుచున్నదని అనుమానింపవలెను. ఇది వాతమని తైలమర్దనముతో దినములు గడపదగిన వేళ కాదు. నడవగలిగిన స్థితిలో చికిత్స మొదలైన రోగి తరువాతను నడచుటకు అవకాశము మెండు. కాళ్లు పూర్తిగా పడిపోయిన పిదప ఆ ఆశ సన్నగిల్లును. కనుక అదే దినమున పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను.

పట్నములో ఎచటికి పోవలెను?

మన గ్రామ యువకులు ఎందరో అశోక్‌నగర్ గదులలో నుండి ఉద్యోగ పరీక్షలకు చదువుకొనుచున్నారు. ఊరినుండి వచ్చిన తండ్రికి ఆ గదియే విడిదియగుట కలదు. చిక్కడపల్లి, నారాయణగూడ వీథులలో పరీక్షాలయముల ఫలకములను చూచి, ఎవరి సలహాయు లేకనే రక్తమిచ్చి సొమ్ము వ్యయపరచుకొనువారును గలరు. ముందుగా వైద్యుని చూడుడు. ఆయన కోరిన పరీక్షనే చేయించుడు. చిక్కడపల్లికి చేరువనే ముషీరాబాదులో గాంధీ ఆసుపత్రి కలదు. రెడ్‌హిల్స్‌లో, మెహదీ నవాజ్ జంగ్ చొరవతో 1955లో స్థాపితమైన ఎం.ఎన్.జె. ప్రభుత్వ కాన్సరు ఆసుపత్రి కలదు. నయముకాని దశలో నొప్పిని తగ్గించు ఉపశమన చికిత్సయు అచట లభించును. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకములో కాన్సరు చికిత్సలు చేరియున్నవి. బయలుదేరునపుడే కార్డును వెంట నుంచుకొనవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

గ్రామసభలో ఈ వ్యాధి పేరును బాహాటముగా పలుకుడు. సభలో పేరు విన్న వృద్ధునికి తన బాధను చెప్పుకొను ధైర్యము కలుగును. మూత్రము సన్నగిల్లినను, అందు రక్తము కనిపించినను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపుడు. భర్త బాధ మొదట భార్యకే తెలియును గనుక మహిళా సభ్యులును, ఆశా కార్యకర్తలును ఇంటింట విచారింపవలెను. లోగడ ప్రోస్టేటు చికిత్స పొందినవారు ఎక్కడ క్రొత్త గడ్డ లేచినను, ఎముక నొప్పి పుట్టినను, పాత కాగితములన్నియు చూపి ఆ సంగతి వైద్యునికి చెప్పునట్లు చూడుడు. ఆ కాగితమే మెడలోని గడ్డకు మూలమును చూపవచ్చును.

మీ గ్రామములో నడుము పట్టుకొని అరుగుపై కూర్చున్న పెద్దమనిషి ఎవరైన ఉన్నారేమో రేపే విచారింపుడు. ఆయన నడవగలిగియుండగనే వైద్యునికడకు చేర్చుడు.