ఉరిశిక్షపై ఒక క్రైస్తవుని ఆలోచన

(పంజాగుట్టలో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎప్పుడూ డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లుల గురించే కాకుండా ఈసారి ఏదైనా సామాజిక విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన పేలుళ్ళలో 18 మంది చనిపోవడం మీకందరికీ తెలుసు. ఆ కేసులో ఐదుగురికి 2016లో పడిన ఉరిశిక్షను తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో ఖరారు చేసింది. ఆ వార్త చదివిన మిత్రుడొకరు, "మీ మతం క్షమించమంటుంది గదా, దీనికి మీరేమంటారు?" అని నన్నడిగారు. ఆయనకు చెప్పిన జవాబునే కొంచెం వివరంగా ఇక్కడ మనవి చేస్తాను.

ఈ విషయంలో క్రైస్తవులందరిదీ ఒకే అభిప్రాయం కాదు. ఉరిశిక్షను సమర్థించేవారు చూపే ఆధారాలు తీసిపారేయదగినవీ కావు. మనిషి దేవుని స్వరూపంలో సృష్టించబడ్డాడు గనుక హత్యకు ప్రాణమే మూల్యమని ఆదికాండము 9వ అధ్యాయం చెబుతుంది. దుష్టులను దండించే అధికారం ప్రభుత్వానికి దేవుడే ఇచ్చాడని, ఖడ్గాన్ని పేర్కొని మరీ, రోమా పత్రిక 13వ అధ్యాయంలో పౌలు రాశాడు. యేసు పక్కన సిలువపై ఉన్న దొంగ తనకు పడిన శిక్ష న్యాయమేనని ఒప్పుకుంటే యేసు కాదనలేదు. అమెరికాలోని సదరన్ బాప్టిస్టులు 2000 సంవత్సరంలో మరణశిక్షను సమర్థిస్తూ తీర్మానం చేశారు.

అదే బైబిల్లో రెండో పక్షమూ ఉంది. మొదటి హంతకుడు కయీను తమ్ముణ్ణి చంపినప్పుడు దేవుడు అతణ్ణి దేశదిమ్మరిని చేశాడు గాని, ఎవరూ చంపకుండా అతని మీద ఒక గుర్తు వేశాడు. మోషే ఒక ఐగుప్తీయుణ్ణి చంపాడు. దావీదు ఊరియాను యుద్ధంలో చంపించాడు. పౌలు స్తెఫను హత్యకు సమ్మతించాడు. ఈ ముగ్గురికీ అప్పుడే మరణశిక్ష అమలై ఉంటే, తరువాత వారు చేసిన సేవ ఏదీ జరిగేది కాదు. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీని తన ముందుకు తెచ్చినప్పుడు యేసు శాసనాన్ని కొట్టివేయలేదు. ఆ శిక్షను అమలు చేసే అర్హత మీలో ఎవరికుందని మాత్రమే అడిగినట్టు అడిగాడు.

శతాబ్దాలపాటు మరణశిక్షను అంగీకరించిన కథోలిక సంఘం కూడా క్రమంగా మారింది. అది అవసరమయ్యే సందర్భాలు దాదాపు లేనట్టేనని 1995లో పోప్ జాన్ పాల్ రాశారు. 2018 ఆగస్టులో పోప్ ఫ్రాన్సిస్ ధర్మోపదేశ గ్రంథాన్నే సవరించి, మరణశిక్ష ఆమోదయోగ్యం కాదని చేర్చారు.

ఇక అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో జరిగినదానికి వస్తాను. 1993 మార్చిలో హైదరాబాదు నుంచి చిలకలూరిపేట వెళ్ళే ఆర్టీసీ బస్సులో దోపిడీకి దిగిన ఇద్దరు యువకులు పెట్రోలు పోసి నిప్పంటించారు. 23 మంది ప్రయాణికులు కాలిపోయారు. ఆ ఇద్దరూ పేద దళిత కుటుంబాలవారు. 1995లో సెషన్సు కోర్టు ఉరిశిక్ష వేసింది, 1996లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది, రాష్ట్రపతి శంకర్‌దయాళ్ శర్మ క్షమాభిక్ష తిరస్కరించారు. 1997 మార్చిలో రాజమండ్రి జైలులో ఉరి తీయడానికి అంతా సిద్ధమయ్యాక, ఆఖరి గడియల్లో సుప్రీంకోర్టు నిలిపింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఆ శిక్షను యావజ్జీవంగా మార్చారు.

అప్పట్లో మన ఆఫీసుల్లో ఈ విషయం మీద పెద్ద వాదనలే జరిగాయి. "మీవాళ్ళు ఆ బస్సులో ఉంటే ఇలాగే మాట్లాడతారా?" అనేది చాలామంది ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్న. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గరికి వెళ్ళి క్షమించమని చెప్పే హక్కు నాకు లేదు. పక్కింటివాడి బాకీని నేను మాఫీ చేయలేను గదా! క్షమించడమో మానడమో ఆ తల్లి ఇష్టం.

అలా క్షమించినవారూ ఉన్నారు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో కుష్ఠు రోగులకు సేవ చేసే గ్రాహం స్టెయిన్స్‌ను, పదేళ్ళ, ఆరేళ్ళ కొడుకులిద్దరినీ జీపులోనే కాల్చి చంపారు. ఆయన భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానన్నారు. తన క్షమాపణ వేరు, చట్టం శిక్షించడం వేరు అని కూడా స్పష్టం చేశారు. ముఖ్య ముద్దాయికి 2003లో పడిన ఉరిశిక్షను 2005లో ఒరిస్సా హైకోర్టు యావజ్జీవంగా తగ్గించింది. 2011లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. నేరస్థుడు జైలుపాలయ్యాడు. చట్టం ఓడిపోలేదు, ఆమె క్షమాపణా వృథా కాలేదు.

కాబట్టి నా ప్రశ్న బాధితులకు కాదు, ప్రభుత్వానికి. ప్రభుత్వమంటే ఏమిటో మనకంటే బాగా ఎవరికి తెలుసు? గుమాస్తా నోటు పెడతాడు, సూపరింటెండెంటు సంతకం చేస్తాడు, ఫైలు పైకి వెళుతుంది. పే ఫిక్సేషన్ తప్పితే పదేళ్ళకైనా సవరించి అరియర్సు ఇస్తారు. సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ తప్పుపడితే దిద్దించుకోవచ్చు. ఉరి తీసిన మనిషికి అరియర్సు ఇప్పించే జీవో ఏదీ లేదు. సాక్షులు, పోలీసులు, వకీళ్ళు, జడ్జీలు అందరూ మనలాంటి మనుషులే. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే ఎవరికీ మరణశిక్ష వేయరాదని ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయం అంటున్నది ఈ భయంతోనే అని నా నమ్మకం.

మన న్యాయస్థానాలకూ ఈ భయం ఉంది. అరుదైనవాటిలో అరుదైన కేసుల్లోనే ఉరి వేయాలని 1980లో సుప్రీంకోర్టు చెప్పింది. క్షమాభిక్ష ఫైలును అకారణంగా ఏళ్ళతరబడి నాన్చితే అదే శిక్ష తగ్గించడానికి కారణమవుతుందని 2014లో తీర్పిచ్చింది. ఉగ్రవాదం, దేశంపై యుద్ధం తప్ప మిగతా నేరాలకు ఉరి తీసివేయాలని 2015లో లా కమిషన్ సిఫారసు చేసింది. అయినా 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో మరణశిక్షను ఉంచారు.

హంతకుణ్ణి వదిలిపెట్టమని నేననను. సమాజానికి ప్రమాదమైనవాణ్ణి జీవితాంతం జైలులో ఉంచే అధికారం ప్రభుత్వానికి ఉంది, ఉండాలి కూడా. పౌలు చెప్పిన అధికారానికి అది చాలు. ప్రాణం మిగిలి ఉంటే పశ్చాత్తాపానికి వ్యవధి ఉంటుంది, మన తప్పు దిద్దుకునే అవకాశమూ ఉంటుంది.

బాధిత కుటుంబాలకు మనం చేయగలిగింది కూడా ఒకటుంది. నేరానికి గురైనవారికి, వారి మీద ఆధారపడినవారికి పరిహారం ఇచ్చే పథకం 2009 నుంచి చట్టంలో ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవాలి. చాలామందికి ఈ సంగతి తెలియదు. జీవితమంతా అర్జీలు రాసిన చేతులు మనవి. మన బస్తీలో అలాంటి కుటుంబం ఉంటే వారికి ఒక అర్జీ రాసిపెట్టండి. ఉరి పడిందని చప్పట్లు కొట్టడం కంటే ఆ ఇంటికి అది మేలు.

నాతో ఏకీభవించనివారు ఇక్కడ చాలామంది ఉంటారని తెలుసు. టీ తాగేటప్పుడు నిస్సంకోచంగా అడగండి.