ఎడింగ్టన్ కలిపిన ఒకటి

ప్రయోగముతో పనిలేక, కేవల తర్కముచే ప్రకృతి స్థిరాంకములను సాధింపవచ్చునా? సాధింపవచ్చుననియే కేంబ్రిడ్జి ఖగోళశాస్త్రజ్ఞుడు ఆర్థర్ ఎడింగ్టన్ విశ్వసించెను. 1919 సూర్యగ్రహణమున ఐన్‌స్టీన్ సిద్ధాంతమునకు సాక్ష్యము సేకరించినవా రాయనయే. పరమాణువును, విశ్వమును ఒకే సూత్రమున కూర్పబూని, విద్యుదయస్కాంత బలమును తెలుపు భిన్నము సరిగా 136లో ఒకవంతని 1929లో గణించెను. కొలతలేమో 137ను సూచించెను. అంతట ఆయన తన గణితమునకు ఒకటి కలిపెను! కొలతకు ముందు నడువవలసిన సిద్ధాంతము నాడే దానికి వెనుకబడెను. 1944లో మరణించువరకు ఆయన కృషి మానలేదు. నేటి కొలత 137.036, ఆ చిల్లరకు ఆయన లెక్కలో చోటులేదు.

శ్రోతలారా, మేమా సాహసమును పరిహసింపము. ఏకసూత్రమునకై అన్వేషణ నేటికిని సాగుచున్నది. సూత్రమెంత సుందరమైనను, తుదితీర్పు మాత్రము కొలతదే.