దండక గుహలోని వానలెక్క



భిలాయిలో బ్లాస్ట్ ఫర్నేసు వద్ద పనిచేసినవారికి ‘హ్యాంగింగ్’ అను మాట క్రొత్తది కాదు. కొలిమిలో పోసిన ఖనిజము, కోకు, సున్నపురాయి నిలుకడగా క్రిందికి దిగుచుండవలెను. ఒక్కొక్కప్పుడు ఆ దిగుట ఆగిపోవును. చూపునకు అంతయు నిశ్చలముగనే యుండును. లోపల మాత్రము గాలి ఒత్తిడి పెరుగుచుండును. పిమ్మట ఆ రాశి ఒక్కసారిగా జారిపడును. దానినే ‘స్లిప్’ అందురు. కారణము మెల్లగా కూడును. కార్యము క్షణములో జరుగును.

శీతోష్ణస్థితియు ఇట్లు జారగలదని శాస్త్రజ్ఞులు మిక్కిలి ఆలస్యముగా నమ్మిరి. అట్టి మార్పునకు వేలయేండ్లు పట్టునని చిరకాలము తలచిరి. 1990ల ఆరంభమున గ్రీన్లాండులో మూడు కిలోమీటర్ల లోతువరకు తొలిచి తీసిన మంచుస్తంభములు ఆ తలంపును చెరిపివేసినవి. ‘యంగర్ డ్రయస్’ అను చలికాలము సుమారు 11,700 ఏండ్ల క్రిందట ముగిసినది. అప్పుడు అచట మంచు కురియు పరిమాణము రెట్టింపగుటకు బహుశః ఒకటి మొదలు మూడేండ్లు మాత్రమే పట్టినదని 1993లో రిచర్డ్ ఆలీ మొదలగువారు ప్రకటించిరి. ఒక పంచవర్ష ప్రణాళిక పూర్తియగునంత కాలము కూడ కాదు!

ఆ చలి రాకకు కారణము సముద్రములో నున్నదని పెక్కుమంది అభిప్రాయము. కరగిన మంచునీరు ఉత్తర అట్లాంటికులో చేరి, వెచ్చదనమును ఉత్తరమునకు కొనిపోవు ప్రవాహమును మందగింపజేసినది. ఉత్తరము చల్లబడగా వర్షమేఖల దక్షిణమునకు జరిగినది. మన నైరృతి ఋతుపవనము క్షీణించినది. ఆ గుర్తులు మేఘాలయలోని మామ్లూహ్ గుహ సున్నపు స్తంభములందు కలవు. ఆ గుహనుబట్టియే 4,200 ఏండ్ల నాటి కరువుతో మొదలైన కాలమునకు 2018లో ‘మేఘాలయ యుగము’ అని పేరిడిరి. ఆ కరువు ఎంత హఠాత్తుగా వచ్చినదను వాదము మాత్రము ఇంకను ముగియలేదు.

అంత దూరము పోనక్కరలేదు. బస్తరులో, జగదల్పూరునకు దక్షిణమున, కాంగేర్ లోయలో దండక గుహ కలదు. ఆ లోయ నీరు శబరిలో కలిసి, శబరి గోదావరిలో కలియును. గోదావరి తీరమునుండి భిలాయికి వచ్చిన తెలుగువారికి అది పుట్టింటి నీరే.

నందిని గనుల సున్నపురాయి కొలిమి వేడికి బొగ్గుపులుసు వాయువును విడిచి స్లాగులో కలిసిపోవును. గుహలో జరుగు పని చల్లనిది, నెమ్మదియైనది. వాననీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి సున్నపురాయిని కరగించును. గుహ కప్పునుండి బొట్టుబొట్టుగా రాలునప్పుడు ఆ వాయువు తప్పించుకొనును. సున్నము నేలపై పొరలుగా పేరుకొనును. ఏ యేటి పొరలో ఆ యేటి వాననీటి ఆమ్లజని నిలుచును. వాన ముమ్మరముగా కురిసిన యేట బరువైన ఆమ్లజని, అనగా 18వ సంఖ్యది, పాలు తగ్గును. వాన వెనుదీసిన యేట హెచ్చును. ఇక వయస్సు మాట. యురేనియము నీటిలో కరగును, థోరియము కరగదు. కావున పొరలోని థోరియము దాదాపు అంతయు అచట యురేనియమునుండి పుట్టినదే. రెంటి పాళ్ళను కొలిచిన పొర పుట్టిన కాలము తెలియును.

ఈ విధముగా ఆశిష్ సిన్హా మొదలగువారు 2007లో దండక గుహ స్తంభమునుండి క్రీ.శ. 600 మొదలు 1500 వరకు గల వానలెక్కను వెలువరించిరి. అహమ్మదాబాదులోని ఫిజికల్ రిసెర్చ్ లేబొరేటరీకి చెందిన యాదవ, రమేశ్ గారలును అందు పాలుగొనిరి. 14వ శతాబ్దమునను 15వ శతాబ్ది మధ్యమునను ఋతుపవనము ఒకటి రెండేండ్లు కాదు, దశాబ్దముల తరబడి బలహీనమైనదని ఆ లెక్క చెప్పుచున్నది. దేశమందలి ఘోరక్షామములు కొన్ని ఆ కాలమునకే చెందినవి. దక్కనులో పండ్రెండేండ్లు సాగినదని చెప్పుకొను దుర్గాదేవి కరువు 1396లో మొదలైనది. క్షామమునకు రాజ్యకలహములు, పన్నులు కూడ తోడగుననుట మరువరాదు. గుహ చెప్పునది వానను గురించి మాత్రమే.

ఇందు భిలాయికేమి సంబంధమని అడుగవచ్చును. వాతావరణ శాఖ 1875లో స్థాపితమైనది. ఆ పిమ్మటి కొలతలలో 1899, 1965, 1966, 1972, 1987 వంటి దుర్వర్షములు కలవు. దండక గుహ చూపినంత దీర్ఘమైన అనావృష్టి లేదు. మన కొలతల కాలము చిన్నదగుటచే ఋతుపవనపు ఒడుదుడుకులను తక్కువగా అంచనా వేయుచున్నామని ఆ పరిశోధకుల నిర్ణయము. ఉక్కు కర్మాగారమునకు నీరిచ్చు తాండుల, గోండ్లి జలాశయములు నిండునది ఆ ఋతుపవనము వలననే. తాండుల నీటికై దుర్గ్, బాలోద్ ప్రాంతముల వరిచేలు కూడ కాచుకొనియుండును. ఒక యేడు వాన తప్పిన జలాశయము ఆదుకొనును. పదేండ్లు వరుసగా తగ్గిన మొదట ఎవరికి నీరు ఆపవలెను? కొలిమికా, చేనుకా, క్వార్టర్సులోని కొళాయికా? ఈ ప్రశ్నకు జవాబును కరువు రాకమునుపే వ్రాసి పెట్టుకొనుట మేలు.

కొలిమి బిగిసినదని ఒత్తిడిముల్లు ముందుగా తెలుపును; అప్పుడు గాలిని తగ్గించి రాశిని మెల్లగా దింపుదురు. అట్లాంటికు ప్రవాహమునకు అట్టి ముల్లు 2004లో గాని అమరలేదు. ఆ యేడు 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశము వెంబడి ఎడతెగని కొలతలు ఆరంభమైనవి. ఈ శతాబ్దిలో ఆ ప్రవాహము క్షీణించుట మిక్కిలి సంభావ్యమనియు, 2100 లోపల హఠాత్తుగా కూలదని మాత్రము ఒక మోస్తరు నమ్మకముతో చెప్పగలమనియు 2021లో అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘము పేర్కొనినది. ఆ మోస్తరు నమ్మకమును గట్టిపరచుటకో, తోసివేయుటకో పరిశోధన సాగుచున్నది.