రక్తపుపోటు - ఋతువులు

మనిషి రక్తపుపోటు రోజంతయు ఒకే తీరున ఉండదు. నిద్రలో తగ్గును, తెల్లవారి మేల్కొను వేళకు పెరుగును. ఇది సహజము. దీనికి తోడు ఋతువుల ప్రభావ మొకటి కలదు. చలిలో చర్మము క్రింది సన్నని రక్తనాళములు, దేహములోని వేడి బయటకు పోకుండుటకై ముడుచుకొనును. దారి ఇరుకైనప్పుడు నెత్తురు సాగుటకు ఒత్తిడి హెచ్చవలసివచ్చును. వేసవిలో ఆ నాళములే విప్పారును. చెమటతో నీరును, ఉప్పును పోవును. పోటు కొంత తగ్గును. కావుననే లంబసింగి చలిలోను, రెంటచింతల ఎండలోను మన నెత్తురు ఒకే విధముగా నడువదు.

ఈ సంగతి తెలియక మా బంధువులలో ఒక పెద్దాయన కష్టము కొనితెచ్చుకొనెను. ఆయన పదియేండ్లుగా మాత్రలు వాడుచుండెను. ఒక రోహిణికార్తెలో, లేచి నిలువగానే కన్నులు తిరిగినవి. పరీక్షింపగా పోటు తక్కువగా నుండెను. వ్యాధి నయమైనదని తలచి, వైద్యునితో చెప్పకయే మాత్రలు మానివేసెను. వర్షాకాలమున ఏ బాధయు లేదు. పుష్యమాసమున ఒకనాటి తెల్లవారుజామున కుడిచేయి, కుడికాలు పడిపోయినవి, మాట పోయినది. చలి యొక్కటే దానికి కారణమని నేననను. కాని రక్తపుపోటు పెరిగినను చాలమందికి నొప్పి పుట్టదు. అదియే దాని మోసము. వేసవిలోనే ఆయన వైద్యుని యడిగియున్నచో, మోతాదు సవరించి, చలికాలమున మరల చూపించుకొమ్మని చెప్పియుండును.

పోటు సరిగా తెలియుటకు కొన్ని నియమములు కలవు. మెట్లెక్కి వచ్చిన వెంటనే చూపించుకొనరాదు. అయిదు నిమిషములు కుర్చీకి వీపు ఆనించి కూర్చుండవలెను. అంతకు అరగంట ముందునుండి కాఫీ, చుట్ట కూడవు. మూత్రము బిగబట్టినను, కాలిపై కాలు వేసికొన్నను, మాటలాడుచున్నను అంకె హెచ్చును. పట్టీ చుట్టిన చేయి గుండె యెత్తున బల్లపై ఉండవలెను. వైద్యుని చూచినంతనే పోటు పెరుగువారును కలరు. అట్టివారు ఇంటివద్ద, నిమిషము వ్యవధితో రెండుసార్లు చూచి వ్రాసికొనుట మేలు. సాధారణముగా వైద్యశాలలో పలుమారులు చూచినను 140/90 గాని, అంతకు మించి గాని ఉన్నప్పుడే పోటు ఎక్కువని నిశ్చయింతురు. ఒక్కనాటి అంకెను చూచి బెదరనక్కరలేదు; మురియనూ రాదు. అయితే 180/120 దాటి, ఛాతీలో నొప్పి గాని, మాట తడబాటు గాని తోచినచో క్షణమైన జాగు చేయక ఆసుపత్రికి పోవలెను.

చలి మొదలగునప్పుడు పెట్టెలోని కంబళ్ళు తీయుదుము. ఆనాడే మాత్రల చీటిని కూడ తీసి వైద్యునకు చూపుడు. ఎండలు ముదురునప్పుడును అట్లే చేయుడు. మాత్ర తగ్గించుటయో, మానుటయో ఆయన చెప్పవలెను గాని, ఋతువు చెప్పరాదు.